బ్రాకెట్ బాండింగ్: ఏ పన్నుకు ఏ పద్ధతి, ఏ క్లినిక్‌కు ఏ సామగ్రి

పంటి క్లిప్పుల చికిత్సలో బ్రాకెట్ (పంటికి అతికించి తీగను పట్టి ఉంచే చిన్న ముక్క) ఊడిపోవడం ప్రమాదకరమైన విషయం కాదు. కాని ఏటూరునాగారం నుంచి సుమారు వంద కిలోమీటర్లు బస్సులో హన్మకొండకు వచ్చే విద్యార్థికి అది ఒక రోజు చదువు, వెంట వచ్చే తండ్రికి ఒక రోజు కూలి. తిరిగి అతికించడానికి కుర్చీలో పట్టే సమయం కొద్దిపాటిదే అయినా, బ్రాకెట్ ఊడిన నాటి నుంచి రోగి మళ్లీ వచ్చే నాటి వరకు ఆ పన్ను మీద అదుపు ఉండదు; పక్క పళ్లు జరుగుతుండగా అది నిలిచిపోతుంది, లేదా వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది, దాంతో అప్పటికే వేసిన మందపాటి తీగను తీసి మళ్లీ సన్నని తీగకు దిగవలసి వస్తుంది. క్లినిక్ ఉన్న వీధిలోనే ఉండేవారికన్నా భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్, మంథని వైపుల నుంచి వచ్చేవారికి ఈ నష్టం ఎక్కువ. అందుచేత ఈ ప్రాంతంలో పనిచేసే దంతవైద్యుడు బ్రాకెట్ అతికించే (బాండింగ్) పద్ధతిని ఎంచుకునేటప్పుడు కంపెనీ ప్రతినిధి ఇచ్చి వెళ్లే కరపత్రం ఒక్కటే ఆధారం కాకూడదు.

ఈ పోలిక ముఖ్యంగా వరంగల్ నుంచి జగిత్యాల, మంచిర్యాల దాకా కొత్తగా ఆర్థోడాంటిక్ (పళ్లను వరుసలోకి తెచ్చే) పని మొదలుపెట్టినవారిని ఉద్దేశించినది. రోగులూ తల్లిదండ్రులూ తెలుసుకోదగిన సంగతులు చివరి భాగంలో ఉన్నాయి.

ముందుగా దేనిని చూడాలి

ఒకప్పుడు ప్రతి పన్నుకూ బ్యాండ్ అనే లోహపు పట్టీ తొడిగి, దానికి బ్రాకెట్‌ను వెల్డ్ చేసేవారు. ఫాస్ఫారిక్ ఆమ్లంతో పంటి పైపొరైన ఎనామిల్‌ను గరుకు చేస్తే రెసిన్ అనే జిగురు పదార్థం దానిని బాగా పట్టుకుంటుందని 1955లో మైకేల్ బ్యూనోకోర్ చూపించారు. 1960లలో జార్జ్ న్యూమన్ ఎపాక్సీ రెసిన్‌తో బ్రాకెట్లను నేరుగా పంటికి అతికించారు. ఆ తరువాత బిస్-జీఎంఏ రెసిన్ల ఆధారంగా నేటి కాంపోజిట్లు (సన్నని పొడి కలిసిన రెసిన్ పేస్టులు) వచ్చాయి. పదార్థాలు ఎంత మారినా లోపల జరిగే పని ఒకటే: ఆమ్లం ఎనామిల్‌లో కంటికి కనిపించని గుంతలు చేస్తుంది, పలచని ప్రైమర్ వాటిలోకి దిగి గట్టిపడుతుంది, దాని పైన ఉన్న చిక్కటి రెసిన్ బ్రాకెట్ అడుగున ఉండే జాలీలోకి దూరి గట్టిపడుతుంది. ఆ గుంతల్లోకి రెసిన్ కన్నా ముందు లాలాజలం దిగితే, ఆ తరువాత ఎంత ఖరీదైన పదార్థం వాడినా పట్టు రాదు. కాబట్టి మొదటి ప్రశ్న ఏ బ్రాండ్ అన్నది కాదు. ఈ పన్నును ఎంతసేపు పొడిగా ఉంచగలను అన్నది.

రెండవది బలం. బ్రాకెట్ నోట్లో నిలవడానికి సుమారు 5.9 నుంచి 7.8 మెగాపాస్కల్ పట్టు చాలని 1975లో రెనాల్డ్స్ ప్రతిపాదించిన అంచనాను ఇప్పటికీ ప్రమాణంగా తీసుకుంటున్నారు. కరపత్రాల్లో కనిపించే అంకెలు తరచుగా దీనికి రెండింతలు, మూడింతలు ఉంటాయి. అవి తీసేసిన పళ్ల మీద, ప్రయోగశాలలో, తేమ ఇబ్బంది లేకుండా కొలిచినవి. నోట్లో వేడి టీ, చల్లని నీళ్లు, నమలడం వల్ల కలిగే ఒత్తిడి, తీగ లాగుడు అన్నీ కలిసి పనిచేస్తాయి కాబట్టి ప్రయోగశాలలో పద్దెనిమిది వచ్చిన పదార్థం, పన్నెండు వచ్చినదానికన్నా రోగి నోట్లో మెరుగ్గా నిలుస్తుందన్న హామీ లేదు. పైగా బ్రాకెట్‌ను ఒక రోజు తీసివేయవలసిందే. పట్టు మరీ ఎక్కువైతే, ముఖ్యంగా సిరామిక్ బ్రాకెట్ల విషయంలో, తీసేటప్పుడు ఎనామిల్ పగుళ్లివ్వవచ్చు. చాలినంత బలమే మంచి బలం.

మిగిలిన కొలమానాలు చిన్నవిగా కనిపించినా జిల్లా క్లినిక్‌లో పెద్దవే: కుర్చీలో పట్టే సమయం, బ్రాకెట్‌ను సరిచేసుకోవడానికి దొరికే వ్యవధి, ఎండాకాలంలో సామగ్రి నిల్వ, కరెంటు పోయినప్పుడు ఏది నడుస్తుంది ఏది ఆగుతుంది అన్నవి. ఈ చివరిదాని గురించి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. కరెంటు పోతే పేస్టును గట్టిపరిచే క్యూరింగ్ లైట్ ఆగిపోతుందని భయపడతారు గాని, నేటి ఎల్‌ఈడీ లైట్లు ఎక్కువగా బ్యాటరీవే. ఆగిపోయేది కంప్రెసర్. ట్యాంకులో మిగిలిన గాలి అయిపోయాక గాలి, నీళ్లు వదిలే త్రీ-వే సిరంజిలో ఊపు ఉండదు, నోట్లో నీటిని పీల్చే సక్షన్ కూడా ఆగుతుంది, ఎచింగ్ చేసి (ఆమ్లంతో గరుకు చేసి) కడిగిన పన్ను తడిగానే మిగులుతుంది. ఇన్వర్టర్ కొనేటప్పుడు కంప్రెసర్‌ను మోయగలదా లేదా చూడకుండా, లైటు, ఫ్యాను లెక్క చూసి కొనేవారే ఎక్కువ.

ఎచింగ్: విడిగా ఆమ్లం, ప్రైమర్, లేక రెండూ కలిసిన సెల్ఫ్-ఎచ్

సంప్రదాయ పద్ధతిలో నూనె లేని ప్యూమిస్ పొడితో పన్నును శుభ్రం చేసి, 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్‌ను 15 నుంచి 30 సెకన్లు ఉంచి, బాగా కడిగి, ఆరబెట్టి, ఎనామిల్ సుద్దలా తెల్లబడిందని చూసుకున్నాక పలచగా ప్రైమర్ రాస్తారు. ఇందులో అన్నిటికన్నా బలహీనమైన క్షణం కడిగిన తరువాత వచ్చేది. నీళ్లు నోట్లో నిండుతాయి, రోగి మింగడానికి ప్రయత్నిస్తాడు, నాలుక లేస్తుంది, కాటన్ రోల్ మారుస్తుండగా కింది ప్రీమోలార్ (చిన్న దవడపన్ను) మీదికి లాలాజలం పాకుతుంది. అలా తడిసిన పన్నును గాలితో ఆరబెట్టి ముందుకు వెళ్లడం సరికాదు. లాలాజలంలోని ప్రొటీన్ పొర గుంతలను మూసివేస్తుంది, గాలి దానిని తొలగించలేదు. కడిగి, కొద్ది సెకన్లు మళ్లీ ఎచింగ్ చేయడమే మార్గం.

సెల్ఫ్-ఎచింగ్ ప్రైమర్‌లో ఆమ్లమూ రెసినూ ఒకే అణువులో ఉంటాయి. కొద్ది సెకన్లు పన్నుపై రుద్ది, గాలితో పలచబరిచి, బ్రాకెట్ పెట్టేయవచ్చు, కడగడం ఉండదు. ఆమ్లం ఎంత లోతుకు దిగిందో రెసిన్ కూడా అంతే లోతుకు దిగుతుంది కాబట్టి నిండని గుంతలు మిగలవు. పలు క్లినికల్ పరిశీలనలను కలిపి చూసిన విశ్లేషణల్లో తేలిన సంగతి ఇది: బ్రాకెట్‌కు కొన్ని సెకన్ల చొప్పున సమయం కచ్చితంగా కలిసివస్తుంది, ఊడిపోయే బ్రాకెట్ల సంఖ్యలో రెండు పద్ధతులకూ పెద్ద తేడా లేదు, ఉన్న కొద్దిపాటి మొగ్గు సంప్రదాయ పద్ధతి వైపే.

అయినా సెల్ఫ్-ఎచ్‌ను నేను తోసిపుచ్చను. వాంతి వచ్చినట్టు ఉలిక్కిపడే పిల్లలకు, నోరు చిన్నదై వెనుక పళ్లు సరిగా అందనివారికి, సహాయకురాలు లేకుండా ఒంటరిగా పనిచేసే వైద్యుడికి కడిగే మెట్టు తప్పడమే గొప్ప లాభం. కాని దానికి రెండు షరతులు ఉన్నాయి. ప్యూమిస్‌తో శుభ్రం చేయడం ఇక్కడ తప్పనిసరి, ఎందుకంటే బలమైన ఆమ్లం చేసినట్టు పలచని పాచి పొరను ఇది కడిగివేయదు. రెండవది, నిజంగా రుద్దాలి. పూసి వదిలేస్తే పని జరగదు. ఒక్కసారి వాడి పారేసే ప్యాకెట్ల వల్ల ఖర్చు ఎక్కువ కాబట్టి, అప్పుడప్పుడు ఒక్క బ్రాకెట్ ఊడి వచ్చినవారికి దానిని తెరవడం గిట్టుబాటు కాదు.

మన ప్రాంతంలో ఈ ఎంపికను తారుమారు చేసే విషయం ఫ్లోరోసిస్, అంటే నీటిలోని ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల పళ్లకు వచ్చే మచ్చలు. నల్లగొండ పేరు అందరికీ తెలిసినదే. పాత నల్లగొండ జిల్లాను ఆనుకొని ఉన్న జనగామ వైపు పల్లెల నుంచి కూడా సుద్దమచ్చలు, గోధుమరంగు చారలు ఉన్న పళ్లతో రోగులు వస్తారు. ముందు పళ్ల ఎనామిల్ పసితనంలోనే తయారవుతుంది. 2016లో మిషన్ భగీరథ ప్రారంభం కావడానికి ముందు బోరు నీళ్లు తాగి పెరిగినవారు నేడు ఇరవైల్లో ఉన్నారు. ఉద్యోగానికో పెళ్లికో ముందు క్లిప్పులు పెట్టించుకోవాలని వచ్చేవారిలో వారే ఎక్కువ. ఫ్లోరైడ్ చేరిన ఎనామిల్ పైపొర ఆమ్లానికి తేలికగా లొంగదు. కాబట్టి ఇటువంటి పళ్లకు సెల్ఫ్-ఎచ్ వాడకపోవడమే మేలు. ఫాస్ఫారిక్ ఆమ్లాన్నే ఎక్కువసేపు, అంటే ఒక నిమిషం లేదా అంతకు కొంత మించి ఉంచవలసి వస్తుంది. అవసరమైతే ముందుగా 50 మైక్రాన్ల అల్యూమినాతో తేలికగా శాండ్‌బ్లాస్ట్ చేయవచ్చు.

ఇక్కడ కన్ను మోసపోయే చోటు ఒకటి ఉంది. మామూలు పన్ను సుద్దలా తెల్లబడితే ఎచింగ్ అయినట్టు గుర్తు. ఫ్లోరోసిస్ పన్ను మొదటి నుంచీ సుద్దలాగే ఉంటుంది, అందువల్ల ఆ గుర్తు దానికి వర్తించదు. గడియారం చూసి సమయం లెక్కపెట్టడం, మచ్చ లేని భాగంలో మార్పు గమనించడం తప్ప వేరే దారి లేదు. గుంతలు పడిన తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో పైపొరే పెళుసుగా ఉంటుంది కాబట్టి సిరామిక్ బ్రాకెట్లు కాకుండా లోహపువే పెట్టడం క్షేమం. చికిత్సకు ముందే ఫొటోలు తీసి రోగికి చూపించాలి. లేకపోతే రెండేళ్ల తరువాత క్లిప్పులు తీసిన రోజున ఆ మచ్చలన్నీ క్లిప్పుల వల్లే వచ్చాయన్న మాట పడవలసి వస్తుంది.

అతికించే పదార్థాలు

| చూడవలసిన అంశం | లైట్-క్యూర్ (వెలుతురుతో గట్టిపడే) కాంపోజిట్ | కెమికల్-క్యూర్ (రసాయన చర్యతో గట్టిపడే) కాంపోజిట్ | రెసిన్ కలిసిన గ్లాస్ ఐయోనోమర్ (ఒక రకం సిమెంట్) |
|---|---|---|---|
| తేమను ఓర్చుకోవడం | తక్కువ. ప్రత్యేక ప్రైమర్‌తో కొంత మెరుగు | తక్కువ | ఎక్కువ. పన్ను కొద్దిగా చెమ్మగా ఉండాలి |
| బ్రాకెట్ సరిచేసుకునే వ్యవధి | లైట్ వేసే దాకా చేతిలోనే ఉంటుంది | చాలా తక్కువ | మధ్యస్థం |
| మొదటి తీగ | వెంటనే | కొన్ని నిమిషాలు ఆగాక | వెంటనే వేయవచ్చు, కాని బాగా సన్ననిది |
| పట్టు | ఎక్కువ | ఎక్కువ | చాలినంత. మొదటి రోజు బలహీనం |
| ఫ్లోరైడ్ విడుదల | సాధారణంగా లేదు | లేదు | ఉంది |
| తీశాక శుభ్రం చేయడం | శ్రమ | శ్రమ | తేలిక |
| ఖర్చు | మధ్యస్థం | తక్కువ | మధ్యస్థం నుంచి ఎక్కువ |

లైట్-క్యూర్ కాంపోజిట్ నేటి సాధారణ ఎంపిక కావడానికి కారణం పట్టు కాదు, వ్యవధి. బ్రాకెట్‌ను పెట్టి, ఎత్తు కొలిచి, కోణం సరిచూసి, నొక్కినప్పుడు అంచుల నుంచి బయటికి వచ్చిన పేస్టును ప్రోబ్‌తో గీసి తీసివేసి, అంతా సరిపోయిందని నమ్మకం కుదిరాక లైట్ వేయవచ్చు. అంచుల దగ్గర మిగిలిన పేస్టు పాచికి నిలయం కాబట్టి దానిని తీయడానికి దొరికే ఈ తీరిక చిన్న విషయం కాదు. అయితే కుర్చీ పైన ఉండే పెద్ద దీపం నోటి మీదనే ఉంటే పేస్టు అక్కడే గట్టిపడటం మొదలవుతుంది. పొడి, జాగ్రత్త అన్నీ చూసుకొని ఈ దీపాన్ని పక్కకు తిప్పడం మరిచిపోయేవారు ఉంటారు.

చదరపు సెంటీమీటరుకు సుమారు 1000 మిల్లీవాట్ల తీవ్రత ఉన్న ఎల్‌ఈడీ లైట్‌తో లోహపు బ్రాకెట్‌కు రెండు పక్కల నుంచి పదేసి సెకన్లు వేస్తే సరిపోతుంది. సిరామిక్ గుండా వెలుతురు వెళుతుంది కాబట్టి నేరుగా పైనుంచి వేయవచ్చు. లైట్ నీలంగా వెలుగుతున్నంత మాత్రాన ఆ తీవ్రత ఉన్నట్టు కాదు. బ్యాటరీ పాతబడితే, కొన మీద పాత కాంపోజిట్ అంటుకొని ఉంటే వెలుతురు సగానికి పడిపోయినా కంటికి తెలియదు. రేడియోమీటర్ ఒకటి కొని నెలకోసారి కొలవడం, కొత్త బ్రాండ్ పేస్టు కొనడం కన్నా ముందు చేయవలసిన పని.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా వెళుతుంది. ఏసీ లేని గదిలో ఉంచిన పేస్టు మెత్తబడి, పెట్టిన బ్రాకెట్ లైట్ వేసేలోగా చిగురు వైపు జారుతుంది. ఫ్రిజ్‌లో పెడితే నిల్వకు మంచిది, కాని తీసిన వెంటనే వాడితే గట్టిగా ఉండి జాలీలోకి సరిగా దూరదు, పైన తేమ కూడా పడుతుంది. వాడే ముందు గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా మూత తీయకుండా ఉంచాలి. హైదరాబాద్ నుంచి పార్సిల్‌లో తెప్పించేవారు ఏప్రిల్, మే నెలల్లో పెద్ద మొత్తంలో తెప్పించకపోవడం మంచిది.

కెమికల్-క్యూర్‌లో రెండు భాగాలు కలిసినప్పుడు గట్టిపడటం మొదలవుతుంది. రెండు పేస్టులను కలిపే రకం ఉంది. పంటికీ బ్రాకెట్ అడుగుకూ ప్రైమర్ రాసి, పేస్టును నొక్కినప్పుడు మాత్రమే చర్య మొదలయ్యే కలపనక్కరలేని రకమూ ఉంది. రెండవదానిలో పేస్టు మందంగా ఉంటే మధ్య పొర సరిగా గట్టిపడదు కాబట్టి బ్రాకెట్‌ను పంటికి బాగా ఆనించి నొక్కాలి. ఒకసారి నొక్కాక కదిపితే, గట్టిపడుతున్న పొర తెగి, అప్పటికి నిలిచినట్టే కనిపించి వారంలో ఊడుతుంది. చేయి తిరిగినవారికి ఇది చవకైన, నమ్మదగిన పదార్థమే; కొత్తవారికి తొందర పెట్టే పదార్థం. లైట్ పాడైన రోజున పని ఆగకుండా ఒక ప్యాకెట్ ఉంచుకోవడం వరకు నేను సమర్థిస్తాను.

గ్లాస్ ఐయోనోమర్ పద్ధతి వీటికి భిన్నమైనది. ఫాస్ఫారిక్ ఆమ్లం బదులు 10 శాతం పాలీఅక్రిలిక్ ఆమ్లంతో పన్నును సిద్ధం చేస్తారు. అది ఎనామిల్‌కు కొంతవరకు రసాయనికంగా కూడా అంటుకుంటుంది. తేమ దానికి శత్రువు కాదు. చిగురు కోసి బయటికి తీసిన కోరపన్ను, సగమే మొలిచిన రెండవ దవడపన్ను, ఎంత ప్రయత్నించినా పొడిగా నిలవని కింది వెనుక పళ్లు దీనికి సరైన చోట్లు. పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి ఆ రోజు తీగ సన్ననిదే ఉండాలి. ఫ్లోరైడ్ విడుదల చేస్తుంది గనుక పళ్లు తోముకోని పిల్లలకు ఇదే మందు అనుకోవడం మాత్రం సరికాదు. పాచి నిలిచిన చోట బ్రాకెట్ చుట్టూ తెల్లమచ్చ నాలుగు వారాల్లోనే కనిపించవచ్చని 1980లలోనే గమనించారు. ఆ వేగాన్ని కొద్దిపాటి ఫ్లోరైడ్ ఆపలేదు.

పేస్టు ముందే పూసి ప్యాక్ చేసిన బ్రాకెట్లు కూడా దొరుకుతాయి. సమయం మిగులుతుంది, ప్రతి బ్రాకెట్‌కు పేస్టు ఒకే మోతాదులో ఉంటుంది. ఖర్చు, గడువు తేదీ, అన్ని పళ్ల సైజులూ నిల్వ ఉంచవలసిన భారం చూస్తే నెలకు కొద్దిమంది రోగులే వచ్చే క్లినిక్‌కు అవి అవసరం లేదు.

దవడపళ్లకు: బ్యాండా, ట్యూబా

ఈ ప్రశ్నకు ఆధారం స్పష్టంగా ఉంది, కాని రోజువారీ పద్ధతి దానికి ఎదురు దిశలో పోతోంది. దవడపళ్లకు నేరుగా అతికించిన ట్యూబుల (తీగ దూరే చిన్న గొట్టాల) కన్నా గ్లాస్ ఐయోనోమర్ సిమెంట్‌తో పెట్టిన బ్యాండ్లు చాలా తక్కువగా ఊడుతాయని, పన్ను సుద్దబారడం కూడా బ్యాండ్లలో తక్కువని పలు పరిశోధనలను కలిపి చూసిన కాక్రేన్ సంస్థ సమీక్ష చెప్పింది. అయినా ట్యూబులే పెరుగుతున్నాయి, ఎందుకంటే బ్యాండ్‌కు ముందు పళ్ల మధ్య సందు చేసే సెపరేటర్లు పెట్టాలి, కొద్ది రోజుల తరువాత రోగి మళ్లీ రావాలి, సైజు చూసి అమర్చాలి, కొందరికి నొప్పి కూడా ఉంటుంది.

దూరం నుంచి వచ్చేవారి విషయంలో ఈ లెక్కను రెండు వైపుల నుంచీ చూడాలి. బ్యాండ్ కోసం ముందే ఒక ప్రయాణం ఎక్కువ. ట్యూబ్ ఊడితే తరువాత, అనుకోని రోజున, ఒక ప్రయాణం ఎక్కువ. మొదటిది తేదీ చూసుకొని సెలవు రోజున పెట్టుకోవచ్చు. వెనుక ట్యూబ్ ఊడినప్పుడు తీగ కొస చెంపలో గుచ్చుకుంటుంది, రాత్రివేళ ఫోన్ వస్తుంది. అందుచేత దూరపు రోగులకు మొదటి దవడపళ్లకు బ్యాండ్, దగ్గరివారికి ట్యూబ్ అన్నది నా అభిప్రాయం. అంగిలి మీదుగా రెండు వైపుల దవడపళ్లను కలిపే ట్రాన్స్‌పలాటల్ ఆర్చ్ వంటి ఉపకరణం కావాలంటే ఎలాగూ బ్యాండే. రెండవ దవడపళ్లకు బ్యాండ్ పెట్టడం కష్టం గనుక అక్కడ ట్యూబే సాధారణం. కాకపోతే నమిలేటప్పుడు కింది ట్యూబ్‌కు పైపన్ను తగులుతుందేమో ఆర్టిక్యులేటింగ్ పేపర్‌తో (తగిలిన చోట రంగు అంటించే కాగితంతో) చూడాలి.

నేరుగా పెట్టడమా, ట్రే ద్వారా బదిలీ చేయడమా

పైన చెప్పినదంతా నేరుగా పంటి మీద బ్రాకెట్ పెట్టే పద్ధతికి సంబంధించినది. 1972లో సిల్వర్‌మన్, కోహెన్ బృందం వివరించిన పరోక్ష పద్ధతిలో ముందుగా నమూనా మీద, నేడైతే స్కాన్ చేసిన కంప్యూటర్ చిత్రం మీద బ్రాకెట్ల స్థానాలు నిర్ణయించి, వాటిని ఒక ట్రేలో పట్టి, ఒకేసారి నోట్లోకి బదిలీ చేస్తారు. తొందర లేకుండా, అన్ని వైపుల నుంచీ పన్నును చూసి స్థానం నిర్ణయించుకోవచ్చు. రోగి కుర్చీలో కూర్చునే సమయం తగ్గుతుంది. ల్యాబ్‌లో పట్టే సమయాన్ని కలిపితే మొత్తం శ్రమ పెరుగుతుంది. స్థానాల కచ్చితత్వంలో, ఊడిపోవడంలో అనుభవమున్నవారి చేతిలో రెండు పద్ధతులకూ పెద్ద తేడా కనిపించలేదు.

దీని అసలు బలహీనత మళ్లీ తడే. నేరుగా పెట్టేటప్పుడు తడి వస్తే ఒక బ్రాకెట్ పోతుంది. ట్రే దించేటప్పుడు తడి వస్తే ఆ వైపు బ్రాకెట్లన్నీ అనుమానమే. నాలుక వైపు పెట్టే లింగువల్ బ్రాకెట్లకు పరోక్ష పద్ధతి దాదాపు తప్పనిసరి. బయటి వైపు పెట్టే మామూలు బ్రాకెట్లకు, సొంత స్కానర్ లేని, హైదరాబాద్ ల్యాబ్ మీద ఆధారపడే క్లినిక్‌కు ఇప్పట్లో దీనివల్ల ఒనగూరేది తక్కువని నా అంచనా. రోజంతా ఆర్థోడాంటిక్ పనే చేసే, శిక్షణ పొందిన సహాయకులున్న చోట దీని లెక్క వేరు.

పెద్దవారిలో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసిన పళ్లు ఎక్కువ. పోర్సలిన్ క్యాప్‌కు శాండ్‌బ్లాస్ట్ లేదా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, ఆపై పోర్సలిన్‌నూ రెసిన్‌నూ కలిపే సైలేన్ ద్రవం అవసరం. జిర్కోనియా మీద ఆ ఆమ్లం ఆశించినట్టు పనిచేయదు. శాండ్‌బ్లాస్ట్ చేసి, జిర్కోనియాను పట్టుకునే ఎండీపీ రసాయనం ఉన్న ప్రైమర్ రాయాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చిగుళ్లను, చర్మాన్ని తీవ్రంగా కాలుస్తుంది. పన్నును మిగతా నోటి నుంచి వేరుచేసే రబ్బరు తెర (రబ్బర్ డ్యామ్) లేకుండా దానిని తెరవకండి. క్యాప్ ఉన్నది దవడపన్ను అయితే బ్యాండ్ వేసి ఈ గొడవ మొత్తాన్ని తప్పించుకోవచ్చు.

ఏ క్లినిక్‌కు ఏది

కొత్తగా మొదలుపెట్టి, నెలకు కొద్దిమందికే క్లిప్పులు వేసేవారికి: ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్, మామూలు ప్రైమర్, ఒక మంచి లైట్-క్యూర్ పేస్టు, దవడపళ్లకు బ్యాండ్లు, వాటికి గ్లాస్ ఐయోనోమర్ సిమెంట్. ఇంతకు మించి అల్మారా నింపనక్కరలేదు. మిగిలిన డబ్బు చెంపలను పట్టి ఉంచే మంచి రిట్రాక్టర్‌కు, బలమైన సక్షన్‌కు, కంప్రెసర్ నుంచి వచ్చే గాలిలో నీరు, నూనె పట్టే ఫిల్టర్‌కు పెట్టండి. ఉదయం పని మొదలుపెట్టే ముందు సిరంజి గాలిని అద్దం మీద ఊది చూస్తే చాలు. మసక కనిపిస్తే ట్యాంకు అడుగున నిలిచిన నీటిని వదలాలి. వానాకాలంలో ఇది రోజూ చేయవలసిన పని. బ్రాకెట్లు వరుసగా ఊడుతున్నాయని పేస్టు బ్రాండ్ మార్చిన చోట, అసలు దోషం ఆ గాలిలోనే ఉండటం అరుదేమీ కాదు.

ఒంటరిగా, సహాయకులు లేకుండా పనిచేసేవారు ఈ జాబితాకు సెల్ఫ్-ఎచ్ ప్రైమర్‌ను చేర్చుకోవచ్చు, ఫ్లోరోసిస్ లేని రోగులకు మాత్రమే. చిగురులో ఇరుక్కున్న కోరపళ్ల కేసులు తీసుకునేవారి దగ్గర రెసిన్ కలిసిన గ్లాస్ ఐయోనోమర్ తప్పక ఉండాలి. పలు ఊళ్లలో వారానికోసారి వెళ్లి పనిచేసే విజిటింగ్ ఆర్థోడాంటిస్టులు మాత్రం తమ క్యూరింగ్ లైట్‌ను, రేడియోమీటర్‌ను తమతోనే తీసుకెళ్లడం మంచిది. అక్కడి గాలి, అక్కడి లైట్ ఎలా ఉంటాయో ముందుగా తెలియదు.

ఊడి వచ్చిన బ్రాకెట్‌ను పారేసే ముందు దాని అడుగు చూడండి. పేస్టు అంతా బ్రాకెట్‌తో వచ్చేసి పన్ను శుభ్రంగా ఉంటే పట్టు ఎనామిల్ దగ్గర తప్పింది: తడి, లేదా ఎచింగ్ చాలకపోవడం. పేస్టు పంటి మీదే ఉండి జాలీ ఖాళీగా ఉంటే నొక్కడం చాలలేదు, లేక లైట్ లోపలికి చేరలేదు. 1984లో ఆర్తున్, బెర్గ్‌లాండ్ మిగిలిన పేస్టును 0 నుంచి 3 వరకు లెక్కించే సూచికను ఇచ్చారు. రోగి కార్డు మీద ఈ ఒక్క అంకె, ఊడిన పన్ను పేరు రాసి పెట్టుకుంటూ పోతే మీ క్లినిక్‌లో లోపం ఎక్కడుందో ఏ కరపత్రమూ చెప్పలేనంత స్పష్టంగా తెలుస్తుంది.

రోగులూ తల్లిదండ్రులూ

డాక్టర్ ఏ పేస్టు వాడాలన్నది మీరు నిర్ణయించేది కాదు. మీరు అడగదగిన ప్రశ్నలు వేరు: వెనుక పళ్లకు బ్యాండ్లు వేస్తారా, ట్యూబులా, బ్రాకెట్ ఊడితే తిరిగి పెట్టడానికి అదనంగా డబ్బు తీసుకుంటారా, ఎన్ని సార్ల వరకు తీసుకోరు, పళ్ల మీద ముందే ఉన్న మచ్చలను ఫొటో తీశారా. సిరామిక్ బ్రాకెట్లు అందంగా కనిపిస్తాయి, కాని పళ్లకు ఫ్లోరోసిస్ ఉంటే తీసేటప్పుడు ఎలాంటి జాగ్రత్త తీసుకుంటారో అడగండి. లోపలి వైపు పెట్టే లింగువల్ బ్రాకెట్లు కావాలనుకుంటే, అవి ఊడినప్పుడు తిరిగి పెట్టడానికి ఎక్కువ శ్రమ, ఖర్చు ఉంటాయని గుర్తుంచుకోవాలి.

ఎంత బాగా అతికించినా సంక్రాంతి సకినాలను ముందు పళ్లతో కొరికితే బ్రాకెట్ నిలవదు. మక్క కంకులను గింజలు వలిచి తినవచ్చు. చెరుకు మాత్రం ఆ రెండేళ్లూ మానుకోవలసిందే. మేడారం జాతర నుంచి తెచ్చిన బంగారం, అంటే బెల్లం, ముద్దగా కాకుండా నీళ్లలో కరిగించి తీసుకోవచ్చు. మొదటి రోజుల్లో బ్రాకెట్లు ఊడే అవకాశం ఎక్కువ కాబట్టి, పండుగకు వారం ముందు క్లిప్పులు వేయించుకునే బదులు పండుగ అయ్యాక వేయించుకోవడం తెలివైన పని.

బ్రాకెట్ ఊడి తీగకే వేలాడుతుంటే లాగి తీయవద్దు. తీగ కొస గుచ్చుకుంటే డాక్టర్ ఇచ్చిన మైనం చిన్న ఉండగా చేసి దాని మీద నొక్కండి. బ్రాకెట్ చేతికి వస్తే కడిగి, చిన్న డబ్బీలో వేసి, ఏ వైపు ఏ పన్నుదో కాగితం మీద రాసి పెట్టండి. ఫోన్ చేసినప్పుడు పన్ను కనిపించేలా ఫొటో పంపితే, వెంటనే రావాలా, వచ్చే నెల తేదీ దాకా ఆగవచ్చా అన్నది డాక్టర్ అక్కడి నుంచే చెప్పగలరు.